మూడో నట్టు

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు భావనారాయణ మాస్టారికి లేదు. అడిగినవాడి చేతికి ఒక పానా ఇచ్చేవారు. కాకినాడ జగన్నాథపురంలో, వంతెన దాటాక ఎడమచేతి సందులో ఆయన షెడ్డు. ముప్పైనాలుగేళ్ళు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక పాఠం మానలేదు, నల్లబల్ల మాత్రం మానేశారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళు ఉండేవారు, ఉద్యోగాలు పోయినవాళ్ళు ఉండేవారు. ఉద్యమం మీద అలిగి వచ్చినవాడు మాత్రం గోవర్ధన్ ఒక్కడే.

గోవర్ధన్ మూడేళ్ళు విద్యార్థి సంఘంలో పనిచేశాడు. హాస్టళ్ళలో తాగునీటి కోసం వాళ్ళు ఒక పెద్ద ఊరేగింపు తలపెట్టారు. జిల్లా కార్యదర్శి తేదీ ప్రకటించాడు. అది కాలేజీల్లో హాల్‌టికెట్లు ఇచ్చే రోజు. గదిలో ఉన్న నలభై మందికీ ఆ సంగతి తెలుసు. నలభై మందీ చేతులెత్తి ఆమోదించారు. ఊరేగింపుకు పదకొండు మంది వచ్చారు. మెయిన్ రోడ్డులో చెరుకురసం బండివాడు వీళ్ళను చూసి, టోపీ తీసి, "ఎవరు పోయారు బాబూ?" అని అడిగాడు. ఆ తరవాత నెల తిరక్కుండానే సంఘం విచ్చిపోయింది. హాస్టల్ కుళాయిలో ఇప్పటికీ నీళ్ళు రావడం లేదు.

ఆ మంట గోవర్ధన్‌లో చల్లారలేదు. ఒక సోమవారం పొద్దున్న షెడ్డు తలుపు తీస్తూనే మాస్టారిని నిలదీశాడు.

"పైన కూర్చున్నవాడికి తప్పు ఎందుకు కనబడదు మాస్టారూ? మూడేళ్ళు మా నెత్తిన కూర్చుని వ్యూహాలూ ఎత్తుగడలూ బోధించాడు. హాల్‌టికెట్ల రోజు ఏదో తెలియదా? నాయకత్వం గుడ్డిదైతే జనం గోతిలో పడతారు. ఆ గుడ్డితనాన్ని క్షమించమంటారా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఏసుపాదం కారు ఇంజను దించాలి. జాకీ పట్రావయ్యా," అన్నారు.

ఆ కారు గుండ్రటి వీపున్న పాత బీటిల్. ఒకప్పుడు మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ ఓడ మీద తెప్పించుకున్నది. ఏసుపాదం ఆమె దగ్గర ముప్పై ఏళ్ళు డ్రైవరుగా పనిచేశాడు. ఆమె స్వదేశం వెళ్ళిపోతూ కారును అతని పేర రాసింది. అప్పటి నుంచి అది అతని ఇంటి వెనక టార్పాలిన్ కింద ఉంది. ఏసుపాదానికి ఇప్పుడు డెబ్భై దాటాయి. లైసెన్సు గడువు ఆ శనివారంతో తీరిపోతుంది. మోకాళ్ళు క్లచ్చి తొక్కనివ్వడం లేదు కాబట్టి మళ్ళీ రాయించుకోనని తనే తేల్చుకున్నాడు. ఈలోగా ఒక్కసారి భార్య కరుణమ్మను ఆ కారులో ఉప్పాడ బీచి దాకా తిప్పుకురావాలి. అంతే అతని కోరిక. ముప్పై ఏళ్ళలో ఆమె ఆ కారెక్కలేదు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు. ఎక్కమనీ ఎవరూ అనలేదు.

ఈ సంగతి విన్నప్పుడు గోవర్ధన్ రక్తం ఉడికిపోయింది. ఆ కారును శనివారానికల్లా రోడ్డు మీద పెట్టడం తన బాధ్యతగా తీసుకున్నాడు. మాస్టారు ఇంజను చూసి, పైపై మరమ్మతుతో లాభం లేదు, మొత్తం విప్పి మళ్ళీ కట్టాలన్నారు. ఆ మాటకు గోవర్ధన్ ముఖం వెలిగింది.

"అదే నేను చెప్పేది మాస్టారూ! కూల్చనిదే కట్టలేం. సగం మార్పు మార్పే కాదు."

"కూల్చడం కాదయ్యా, విప్పడం. కూల్చితే నేను బిగించలేను," అన్నారు మాస్టారు.

వెనక డిక్కీ కింద ఉండే ఆ ఇంజను నాలుగు బోల్టులు తీస్తే జాకీ మీదికి దిగివచ్చింది. దానికి రేడియేటరు లేదు, నీళ్ళు లేవు. ఒక ఫ్యాను, దాని గాలిని అన్ని వైపులకూ తీసుకుపోయే రేకులు, అంతే. గాలితోనే చల్లబడాలి కాబట్టి లోపల ఎక్కడ రాపిడి ఉన్నా దానికి ఓర్చుకునే శక్తి తక్కువ. సోమ, మంగళ, బుధవారాలు విప్పడానికీ, కిరసనాయిల్లో కడగడానికీ, అరిగినవి మార్చడానికీ సరిపోయాయి. భాగాలన్నీ ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే బల్ల మీద పాత పేపర్లు పరిచి పెట్టారు. ఇంక మిగిలింది ఇంజను కేసింగు మూయడం. ఆ కేసింగు వేరుశనగ చిప్పల్లా రెండు సగాలు. మధ్యలో ఇంజనుకు ఇరుసు లాంటి క్రాంకు షాఫ్టు పడుకుంటుంది. షాఫ్టును మోసే బేరింగు రింగులకు ఒక్కొక్కదానికీ ఒక చిన్న రంధ్రం ఉంటుంది. కేసింగులో మొలిచినట్టుండే చిన్న పిన్ను సరిగ్గా ఆ రంధ్రంలో కూర్చోవాలి. షాఫ్టు అమర్చాక ఆ రంధ్రం కంటికి కనబడదు. అందుకని ముందు ఒట్టి రింగును పిన్ను మీద కూర్చోబెట్టి, రింగు మీదా కేసింగు అంచు మీదా కలిసేలా ఒక పెన్సిలు గీత గీసుకోవాలి. తరవాత షాఫ్టుతో పాటు దించేటప్పుడు గీతకు గీత కలిస్తే పిన్ను రంధ్రంలో ఉన్నట్టు.

గురువారం పొద్దున్న గోవర్ధన్ ఆ పనిలో ఉన్నాడు. ఏసుపాదం ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. మూడు రింగులకు గీతలు పడ్డాయి. నాలుగోది చేతిలోకి తీసుకునేసరికి మాట డాక్టరమ్మ మీదికి మళ్ళింది.

"ముప్పై ఏళ్ళు, తాతా! నీ భార్యను ఒక్కనాడు ఎక్కించుకోలేకపోయావు. దాన్నేమంటారో తెలుసా? బానిసత్వం. సంకెళ్ళు కనబడకపోవచ్చు. కనబడని సంకెళ్ళే గట్టివి. నువ్వు ఆ స్టీరింగు తిప్పలేదు, ఆ స్టీరింగే నిన్ను తిప్పింది."

"బానిసేంటండీ బాబూ, నెలనెలా జీతం తీసుకున్నాను. ఆదివారం సెలవిచ్చేవారు. మీరు ముందు చేతిలోది చూసుకోండి."

"చూస్తున్నానులే. నీ కోపాన్ని నువ్వే నిద్రపుచ్చుకున్నావు. నేననేది అదే!"

"నిద్రపుచ్చింది కోపాన్ని కాదండి, డాక్టరమ్మగారి పిల్లల్ని. వెనక సీట్లో తెగ గొడవ చేసేవారు."

గోవర్ధన్ నవ్వలేదు. నాలుగో రింగు గీత లేకుండానే షాఫ్టు మీదికి ఎక్కింది. కంటి అంచనాతో సరిపెట్టి షాఫ్టును దించాడు. ఏసుపాదం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. కాసేపటికి మాస్టారు వచ్చి, "గీతలు కలిశాయా?" అని అడిగారు. "అన్నీ చూశాను మాస్టారూ," అన్నాడు గోవర్ధన్. మాస్టారు ఇంకేమీ అడగలేదు. అంచుల వెంట గమ్ము పూశారు. రెండో చిప్పను మొదటిదాని మీద మూశారు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కేసింగుకు ఆరు పెద్ద నట్లు. బిగించేవాడు ఒకడు, తిప్పి చూసేవాడు ఇంకొకడు. ఒక నట్టు బిగించగానే రెండోవాడు షాఫ్టు కొనను పట్టుకుని చేత్తో ఒక చుట్టు తిప్పాలి. తేలిగ్గా తిరిగితే "తిరిగింది" అని పైకి చెప్పాలి. ఎక్కడైనా బరువుగా తగిలితే "పట్టింది" అనాలి. పట్టింది అన్న మాట వినబడితే పని అక్కడ ఆగిపోతుంది. ఎవరి వల్ల పట్టిందని అడగడం ఆ షెడ్డులో లేదు. బిగించేవాడే ఎందుకు తిప్పి చూసుకోకూడదని కొత్తలో గోవర్ధన్ అడిగాడు. "బిగించేవాడికి పని అయిపోవాలని ఉంటుంది," అన్నారు మాస్టారు. గోవర్ధన్‌కు ఆ పద్ధతి నచ్చింది. ప్రజాస్వామ్యం అంటే ఇదని ఒకరిద్దరు మిత్రులకు చెప్పాడు కూడా.

మొదటి నట్టు. మాస్టారి చేతిలో పానా, చాలినంత బిగువు రాగానే టక్కుమని చప్పుడు చేసే రకం, టక్కుమంది. గోవర్ధన్ తిప్పాడు. "తిరిగింది." రెండో నట్టు. "తిరిగింది." మూడో నట్టు బిగిసింది. గోవర్ధన్ తిప్పాడు. ముప్పావు చుట్టు దాకా నూనెలో తిరిగినట్టు తిరిగింది. ఆ తరవాత ఒక్కచోట, ఎవరో లోపలి నుంచి వేలు అడ్డం పెట్టినట్టు, సన్నగా ఆగి మళ్ళీ సాగింది.

అతనికి వెంటనే తెలిసింది. నాలుగో రింగు. గీయని గీత.

మాస్టారు పానా పట్టుకుని అతని మాట కోసం నిలబడ్డారు.

అబద్ధం చెప్పడానికి మనకు పెద్ద స్వార్థాలేమీ అక్కర్లేదు. ఒక మంచి కారణం దొరికితే చాలు. గోవర్ధన్‌కు శనివారం దొరికింది. ఇప్పుడు విప్పితే గమ్మంతా గీకాలి, మళ్ళీ కడగాలి, ఒక పూట పోతుంది. ముసలాయన గడువు దాటిపోతుంది. కొత్త బేరింగులు కదా, మొదట్లో కాస్త బిగువుగానే ఉంటాయి, నడిస్తే సర్దుకుంటాయి. సామాన్యుడి అవసరం ముందు నా తప్పు ఏపాటిది? ఇవన్నీ ఊపిరి తీసి వదిలేలోపు అతని తలలో వరసకట్టాయి. తీర్మానాలు నెగ్గేది సరిగ్గా ఇలాగే.

"తిరిగింది," అన్నాడు.

నాలుగో నట్టు. ఈసారి అదే చోట మణికట్టు బిగించి తోస్తేగానీ షాఫ్టు కదల్లేదు. "తిరిగింది," అన్నాడు. గొంతు తగ్గింది. మాస్టారు ఐదో నట్టు మీద పానా పెట్టారు.

అప్పుడే ఏసుపాదం భోజనం చేసి తిరిగి వచ్చాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని ఉన్నాడు.

"మా ఆవిడ పొద్దుటి నుంచి ఒకటే గొడవండి. ముందు సీట్లో కూర్చోవాలా, వెనక సీట్లో కూర్చోవాలా అని. ముందు కూర్చుంటే గాలికి జుట్టు రేగుతుందంట. వెనక కూర్చుంటే నేను పిలిచినా వినబడదంట. ముందే కూర్చోవే, ఇన్నాళ్ళకి నా పక్కన కూర్చునే రోజొస్తే జుట్టు చూసుకుంటావేంటి అన్నాను." నవ్వుతూ ఇంజను దగ్గరికి వచ్చాడు. మాస్టారిని అడగలేదు. షాఫ్టు మీద చెయ్యి ఎవరిదో వారినే అడిగాడు. "తిరుగుతోందా బాబుగారూ?"

ఉప్పాడ రోడ్డు గోవర్ధన్ కళ్ళ ముందు కనబడింది. ఒకవైపు సముద్రం, రాళ్ళకట్ట. వేడెక్కిన బేరింగు షాఫ్టును కరిచిపట్టుకుంటే వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి. ముందు సీట్లో, జుట్టు సవరించుకుంటూ, కరుణమ్మ.

"పట్టింది!" అన్నాడు. ఆ మాట అరుపులా వచ్చింది. సందులో పోతున్నవాడెవడో ఆగి లోపలికి చూశాడు.

మాస్టారు ఐదో నట్టు మీది నుంచి పానా తీసేశారు. "ఎక్కణ్ణించి?" అని మాత్రం అడిగారు.

"మూడో నట్టు నుంచి, మాస్టారూ. నాలుగో రింగుకు నేను గీత పెట్టలేదు. మీరడిగితే చూశానన్నాను. తిరిగిందని రెండుసార్లు అబద్ధం చెప్పాను."

"గీత సంగతి చాలు. తక్కినది నేనడగలేదు." మాస్టారు అప్పటికే నాలుగో నట్టు వదులు చేస్తున్నారు.

ఏసుపాదం ముఖంలో నవ్వు పోయింది. "మరి శనివారమండీ?" అన్నాడు మెల్లగా.

"ఇవాళ గురువారమేగా. ఆ కిరసనాయిలు డబ్బా ఇలా అందుకో, ఏసుపాదం. ఊరికే నిలబడితే నువ్వు కూడా ఉపన్యాసం ఇచ్చేలా ఉన్నావు."

చిప్పలు విడదీశారు. పిన్ను రంధ్రంలో లేదు. రింగు వెన్నును నొక్కుకుంటూ ఒక బియ్యపుగింజంత సొట్ట పెట్టింది. లోపలివైపు ఆ మేరకు ఉబ్బు తేలింది. మాస్టారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "బతికింది. ఆరు నట్లూ పడుంటే రింగు పగిలేది, షాఫ్టూ పాడయ్యేది," అన్నారు. ఆ షాఫ్టు పోతే ఈ జిల్లాలో ఇంకొకటి దొరకదు. ఆ ఉబ్బును గోవర్ధన్ చేతే సన్నటి బ్లేడుతో వెంట్రుకవాసి చొప్పున గీకించారు. గీకడం, షాఫ్టు మీద తొడిగి తిప్పి చూడడం, మళ్ళీ గీకడం. అలా రెండు గంటలు. ఏసుపాదం పక్కన కూర్చుని అంచుల గమ్ము తుడుస్తున్నాడు. తుడుస్తూనే ముసలాయన అడిగాడు.

"బాబుగారండీ, పొద్దున్న నన్ను బానిస అన్నారు కదా. ఇందాక మీరెవరికి భయపడ్డారండీ?"

ఎగతాళి కాదు. తెలుసుకుందామనే అడిగాడు. గోవర్ధన్ షెడ్డంతా కలయజూశాడు. అతన్ని భయపెట్టే మనిషి అక్కడ ఒక్కడూ లేడు. దొర లేడు, అధికారి లేడు, పోలీసు లేడు. అతను చదివిన పుస్తకాలన్నీ అలాంటివాళ్ళ గురించే చెప్పాయి. ఎవరూ లేనప్పుడు నోరెందుకు పెగలదో ఏ పుస్తకమూ చెప్పలేదు. తలవంచుకుని బ్లేడు తుడుచుకున్నాడు.

"తెలీదు తాతా," అన్నాడు.

"పోన్లెండి. చెప్పేశారు కదా. ఆకలేస్తోందా? మా ఆవిడ పులిహోర పంపింది, అటు గూట్లో పెట్టాను."

ఆ పులిహోర తింటుంటే గోవర్ధన్‌కు భుజాల మీద నుంచి బస్తా దించినట్టయింది. తప్పు దొరికిపోయినవాడికి ఇంత హాయి ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు. సాయంత్రం నాలుగింటికి గీతకు గీత కలిసింది. మాస్టారు చూడమంటే ఏసుపాదం కూడా వంగి చూశాడు. చిప్పలు మూశారు. ఆరు నట్లకూ ఆరుసార్లు "తిరిగింది" అన్న మాట వినబడింది. ఆఖరిసారి గోవర్ధన్ ఒక్క చిటికెనవేలితో షాఫ్టును తిప్పి, నమ్మకం కుదరక, మళ్ళీ ఇంకోసారి తిప్పాడు.

శుక్రవారం పొద్దుగూకేలోపు ఇంజను కారులోకి ఎక్కింది. మొదటి తాళానికి దగ్గింది, రెండోదానికి తుమ్మింది, మూడోదానికి అందుకుంది. కుట్టుమిషను లాంటి ఆ చప్పుడు సందంతా నిండింది. మాస్టారు అరగంట సేపు దాన్ని అలాగే నడవనిచ్చి, నూనె చూసి, ఇంక తీసుకుపొమ్మన్నారు.

శనివారం పొద్దున్న కరుణమ్మ నీలం చీర కట్టుకుని షెడ్డుకే వచ్చింది. ఏసుపాదం స్టీరింగు ముందు కూర్చున్నవాడల్లా ఆమెను చూడగానే అలవాటుకొద్దీ గబగబా దిగాడు. నొప్పి మోకాళ్ళతో కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ముందు తలుపు తీసి, చెయ్యి పక్కకు పెట్టి, నిటారుగా నిలబడ్డాడు.

"నాకేం చేతుల్లేవా? ఎక్కు, అవతల ఎండెక్కిపోతోంది," అని కసిరింది కరుణమ్మ. కసురుతూనే, అతను తలుపు వేసేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, మహారాణిలా కదలకుండా కూర్చుంది. కారు సందు మలుపు తిరిగింది. మధ్యాహ్నానికి క్షేమంగా తిరిగి వచ్చింది. కరుణమ్మ జుట్టంతా రేగి ఉంది. ఆమె దాన్ని సవరించుకోలేదు. ఏసుపాదం తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక గోవర్ధన్ మాస్టారి దగ్గర కూర్చున్నాడు. రెండు రోజుల నుంచి నోటి దాకా వచ్చిన మాట బయటికి తీశాడు.

"మాస్టారూ, మీకు మూడో నట్టుకే తెలిసిపోయింది కదూ? నా నోటితోనే చెప్పించాలని ఊరుకున్నారు. అంతే కదా?"

మాస్టారు తన కుడిచేతి వేళ్ళను ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

"నాకేం తెలుసయ్యా? షుగరుతో ఈ వేళ్ళకు స్పర్శ పోయి రెండేళ్ళయింది. చొక్కా బొత్తాలు కూడా మా ఇంటావిడే పెడుతోంది. టక్కుమనే పానా ఉంది కాబట్టి బిగిస్తున్నాను."

ఐదో నట్టు మీద నిలిచిన పానా, దాన్ని పట్టుకున్న ఆ చెయ్యి, తన మాట కోసం చూసిన ఆ కళ్ళు గోవర్ధన్‌కు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ గదిలో తప్పు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

"మరి నేను చెప్పకపోయుంటే?" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"మిగతా రెండు నట్లూ బిగించి, టీకి వెళ్ళేవాణ్ణి," అన్నారు.